రెండో బ్రేకు

మా బావ డ్రైవింగ్ స్కూలు నడుపుతాడు. నేర్పే కారులో ఆయన కాళ్ల దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. వేరేవాళ్లు నేర్చుకుంటుంటే అవసరమైతేనే తొక్కుతాడు. కూతురు నడిపితే మాత్రం ఆయన పాదం దాని మీదే కాపురం ఉంటుంది.

పిల్లను పెంచడం కూడా అలాగే పెంచాడు. పడకముందే పట్టుకున్నాడు, ఏడవకముందే ఊరుకోబెట్టాడు. ఇప్పుడు పందొమ్మిదేళ్ల గాడిద, స్వెట్టరు చేత్తో పట్టుకుని, "నాన్నా, నాకు చలేస్తోందా?" అని అడుగుతుంది. ఆయన నుదురు తాకి చూసి తీర్పు చెబుతాడు. నాకు ఒళ్లు మండిపోతుంది.

లైసెన్సు పరీక్ష రెండుసార్లు తప్పింది. ఇన్‌స్పెక్టరు పక్కన చేతులు కట్టుకుని కూర్చుంటే, ఇది తిన్నగా వెళ్లి దారి పక్కన గుర్తుకి పెట్టిన డ్రమ్ముని గుద్దింది. "ఆయన బ్రేకు వెయ్యలేదు పిన్నీ!" అని నాకే ఫిర్యాదు చేసింది. పశువుల ఆసుపత్రిలో వ్యాను నడిపే ఉద్యోగం దాని కోసం ఆగి ఉంది. దానికి ఆ పనంటే ప్రాణం. రేపు మూడోసారి కూడా పరీక్ష తప్పితే వేరేవాళ్లకు ఇచ్చేస్తారు.

నాది మెకానిక్ షెడ్డు. ఆ కారు సర్వీసుకి నా దగ్గరికే వస్తుంది. ఇవాళ బావ వైపు బ్రేకు కేబుల్ ఊడదీసి జేబులో వేసుకున్నాను. అక్కకి చెబితే, "అది పుట్టినప్పుడే చెయ్యాల్సిన పనే," అంది.

షెడ్డు వెనక ఖాళీ స్థలంలో ఖాళీ డ్రమ్ములు నిలబెట్టి, నేను వెనక సీట్లో కూర్చున్నాను. బావని పక్కన కూర్చోబెట్టుకుని పిల్ల కారు పోనిచ్చింది. డ్రమ్ము దగ్గరయింది. బావ తొక్కాడు. పెడలు మెత్తగా కిందికి దిగిపోయింది. మళ్లీ తొక్కాడు.

కారు కుదుపుతో ఆగింది. డ్రమ్ముకి జానెడు దూరం.

"అమ్మయ్య! భలే వేశావు నాన్నా," అంది పిల్ల చెమట తుడుచుకుంటూ.

బావ వెనక్కి తిరిగాడు. కేబుల్ తీసి చూపించాను. కొడతాడేమో అనుకున్నాను. అంతకంటే, పిల్ల మాటకి ఊ కొట్టి ఊరుకుంటాడేమోనని ఎక్కువ భయమేసింది.

"నేను వెయ్యలేదమ్మా," అన్నాడు.

పిల్ల వంగి తన కాలి వంక చూసుకుంది. అది ఇంకా బ్రేకు మీదే ఉంది.

"ఏసీ తగ్గించు నాన్నా," అంది. "నాకు చలేస్తోంది."

బావ చెయ్యి అలవాటుగా దాని నుదుటి దాకా వెళ్లింది. అక్కడ ఆగి, వెనక్కొచ్చి ఏసీ తగ్గించింది.