హాఫ్ సెట్టు ప్రయాణం

నా పేరు మీద వచ్చిన కవరును నేను చింపలేదు. చేతుల నిండా చేప పొలుసులున్నాయి. ఆ శనివారం మా ఆయనకు రెస్టు. ఆయనకు రెస్టంటే నాకు చేపలు. ఖిదిర్‌పూర్ నర్సింగ్ హోములో రాత్రి డ్యూటీ దిగి వచ్చి, సంత్రాగాఛి రైల్వే క్వార్టర్సు వంటింట్లో పీట వేసుకుని కిలో బాటా చేపలు గీకుతున్నాను. కొరియరు కుర్రాడికి సంతకం పెట్టింది మా ఆయన సత్యరాజుగారే, కవరు చింపిందీ ఆయనే. నేను చేతులు కడుక్కుని వచ్చేలోపు లోపలి కాయితాన్ని ముందూ వెనకా తిప్పి చూసేశారు.

"ఏటిది? రిటర్నేదీ?" అన్నారు.

అది విమానం టిక్కెట్టు. కలకత్తా నుంచి బొంబాయి, బొంబాయి నుంచి మస్కట్. అక్కడి ఆసుపత్రిలో నాకు స్టాఫ్ నర్సు ఉద్యోగం, రెండేళ్ళ కాంట్రాక్టు. వెళ్ళడానికి టిక్కెట్టు వాళ్ళే పంపారు. తిరుగు టిక్కెట్టు రెండేళ్ళూ పూర్తయ్యాక ఇస్తామని కాంట్రాక్టులో రాశారు. ఈ సంగతి నెల రోజులుగా ఇంట్లో అందరికీ తెలుసు. ఆయన వద్దని కూడా అనలేదు. "వందమందొస్తారు ఇంటర్వ్యూకి, నిన్నే తీస్తారేటి? ఎల్లిరా, సరదా తీరిపోతాది" అన్నారు. నన్నే తీశారు. అప్పట్నుంచి మాటలు తగ్గించారు.

మేం రైల్వే వాళ్ళం. టిక్కెట్టు కొని ఎక్కడికీ వెళ్ళం. పాసు మీద పోతాం, పాసు మీద వస్తాం. పోనూ రానూ కలిపి ఒక సెట్టు. ఒకవైపే వాడుకుంటే హాఫ్ సెట్టంటారు. ఆ పాసు మీద నా పేరుండదు. సెల్ఫ్, వైఫ్, ఒక డాటర్ అని ఉంటుంది. పంతొమ్మిదేళ్ళుగా ఎక్కడికెళ్ళినా ఆ "వైఫ్" అనే మాటలో కూర్చునే వెళ్ళాను. టీసీ వచ్చి ఎవరని అడిగితే ఆయనే నా వైపు గడ్డం ఎగరేసి చూపించేవారు. ఈ టిక్కెట్టు మీద మాత్రం గంటా యూనిస్ అని నా పేరుంది. చేప వాసన అంటుకుంటుందని ముట్టుకోకుండా దూరం నుంచే చదువుకున్నాను. ముప్ఫై తొమ్మిదేళ్ళదాన్ని, చిన్నపిల్లలా అక్షరాలన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో రెండుసార్లు చూసుకున్నాను. ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

సోమవారం ఆయన ఆ టిక్కెట్టును జేబులో పెట్టుకుని వాళ్ళ ఆఫీసుకి తీసుకెళ్ళారు. పాసులు రాసే గుమాస్తా మృత్యుంజయ బాబుకి చూపించారట. సాయంత్రం వచ్చి, బూట్లు విప్పకుండానే తీర్పు చెప్పారు.

"మృత్యుంజయ బాబూ అదే అన్నాడు. మనిషిని హాఫ్ సెట్టు మీద రమ్మనీవోడు మంచోడు కాదంట. రిటర్న్ పంపితేనే వస్తానని ఉత్తరం రాయి."

విమానం టిక్కెట్టు గురించి రైల్వే పాసుల గుమాస్తాను అడిగొచ్చిన మనిషికి ఏం చెప్పను? నవ్వొచ్చింది. మరుక్షణం ఏడుపూ వచ్చింది. పన్నెండో తారీకుకల్లా నేను అక్కడ చేరాలి, లేకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరిది. నా ఉత్తరం వెళ్ళి జవాబు వచ్చేసరికి నా బదులు ఇంకో అమ్మాయి అక్కడ బీపీలు చూస్తుంటుంది.

ఆ వారం రోజులూ నాకు పాత మాటలే గుర్తొచ్చాయి. పెళ్ళైన కొత్తలో, "డెట్టాలు కంపు, తానం చేసొచ్చి వడ్డించు" అన్న మాట. రోజుకి ముప్ఫైమందికి ఇంజక్షన్లు చేసిన చేతుల్ని ఆయన కంచం దగ్గరికి రానిచ్చేముందు రెండుసార్లు సబ్బుతో కడిగించేవారు. ఆ చేతులు తెచ్చిన జీతానికి మాత్రం ఏ వాసనా ఉండేది కాదు. గూడ్సు గార్డుగా ఆయన ఖరగ్‌పూర్ దాకా వెళ్ళినా, టాటానగర్ దాకా వెళ్ళినా రెండు పూటల తిండి నేను కట్టివ్వాల్సిందే. నేను పన్నెండు గంటల డ్యూటీకి వెళ్ళేటప్పుడు, తిన్నావా అని అడిగిన నోరు ఆ ఇంట్లో లేదు. చర్చిలో స్త్రీల కూడిక జరిగితే అందరూ ప్రార్థన చేస్తారు, టీ కప్పులు నేను కడుగుతాను. "యూనిస్ సిస్టరు కదా, సేవ అలవాటే" అంటారు. నేనూ నవ్వేదాన్ని. ఎన్నేళ్ళు నవ్వానో తలుచుకుంటే నా మీద నాకే కోపం వచ్చింది.

మా అత్తగారు తబితమ్మ ఈ గొడవలో వేలు పెట్టలేదు. ఆవిడ నోట మెచ్చుకోలు ఎప్పుడూ ఎరగను. పులుసు బాగుంటే మారు వడ్డించుకుంటుంది, అంతే. బాగాలేకపోతే మాత్రం క్వార్టర్లన్నిటికీ తెలుస్తుంది.

నా ప్రయాణం పదో తారీకు మధ్యాహ్నం. తొమ్మిదో తారీకు పొద్దున పేపర్లో వచ్చింది, మర్నాడు యూనియన్ల బంద్ అని. బస్సులుండవు, టాక్సీలుండవు, లోకల్ రైళ్ళూ ఆపేస్తారు. భోజనాల దగ్గర ఆయన ఆ వార్త చదివి వినిపించారు.

"చూసినావా, దేవుడే దారి మూసేసినాడు" అన్నారు.

ఆ ముఖంలో ఎంత నిశ్చింతో! అది చూసి నాకు ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళలో ఎన్ని బంద్‌లు చూశాం? ఒక్కరోజైనా నేను డ్యూటీ మానానా? మామూలు రోజుల్లో మనుషుల్ని నడవనివ్వని రెండో హుగ్లీ వంతెన మీద, ఖాళీ రోడ్డున, ఎండలో ఖిదిర్‌పూర్ దాకా నడిచి వెళ్ళలేదా? అప్పుడెప్పుడూ దేవుడు దారి మూయలేదు. జీతం వచ్చే దారి కదా, తెరిచే ఉంచాడు.

"నడిచి నర్సింగ్ హోముకి వెళ్తాను. స్టాఫ్‌ని తేవడానికి అంబులెన్సు దమ్‌దమ్ వెళ్తుంది. డ్రైవరు బైరాగి దాదాతో మాట్లాడాను, అందులో ఎయిర్‌పోర్టు దగ్గర దిగుతాను" అన్నాను.

ఆయన కంచం పక్కకు నెట్టారు. "రిటర్న్ నేకుండా నువ్వెల్లవు. అంతే."

పంతొమ్మిదేళ్ళలో ఆయన సూటిగా కాదనడం అదే మొదటిసారి. మా అమ్మాయి లోయిస్ తినడం ఆపి నా ముఖం చూసింది. పదిహేనేళ్ళ పిల్ల. నేను ఏం చెబుతానో విని జీవితాంతం గుర్తుపెట్టుకుంటుందని నాకు తెలుసు. చెయ్యి మాత్రం అలవాటుగా ఆయన గ్లాసులో నీళ్ళు పోసింది.

అప్పుడు అత్తగారు మాట్లాడింది. బియ్యంలో రాళ్ళేరుతోంది, చేట మీంచి తలెత్తలేదు.

"ఒరే సత్తిరాజూ. మీ నాయన నన్ను పలాసలో రైలెక్కించినప్పుడు నాకు పద్నాలుగేళ్ళు. సంత్రాగాఛి ఏ దిక్కునుందో కూడా ఎరగను. నాకు రిటర్నుందా నేదా అని ఎవలడిగినారు? ఈ పిల్లని చీపురుపల్లి నుంచి తెచ్చుకున్నావు. నువ్వడిగినావేటి?"

ఆవిడ రెండు రాళ్ళేరి కిందపడేసి, "రేపట్నించి చేపలెవలు తోముతారో, అది వేరే మాట. నా మోకాళ్ళు వొంగవు" అంది. నాకు ఆవిడ కాళ్ళ మీద పడాలనిపించింది. పడితే కసురుకుంటుందని లేచి కంచాలు తీశాను.

తెల్లారి ఐదింటికి బయల్దేరాను. భయంగానే ఉంది. లోయిస్‌కి వచ్చే ఏడు మాధ్యమిక్, అంటే పదో తరగతి పరీక్ష. జడ వేసుకోవడం వచ్చు, కాఫీ పెట్టుకోవడం వచ్చు, జ్వరమొస్తే మాత్రం నా ఒళ్ళో తల పెట్టుకుంటే గానీ పడుకోదు. ఆ పిల్లే సూట్‌కేసు రెండో వైపు పట్టుకుంది. "చలో అమ్మా, ఎండెక్కితే నడవలేం" అంది. అత్తగారు మంచం మీదే కూర్చుని ప్రార్థన చేసి, నా నెత్తి మీద చెయ్యి వేసింది. ఆయన గోడవైపు తిరిగి పడుకునే ఉన్నారు. నిద్రపోవడం లేదని వీపు చూస్తేనే తెలుస్తోంది.

రెండంతస్తులు దిగి రోడ్డు మీదికొచ్చాం. బంద్ రోజు కదా, కుక్కలు తప్ప ఎవరూ లేరు.

"యూనిసూ!"

పైన బాల్కనీలో ఆయన లుంగీతోనే నిలబడి ఉన్నారు. ఆగకూడదనుకున్నాను గానీ నా కాళ్ళు ఆగిపోయాయి. వెళ్ళొద్దని అంటారేమో. ఆ మాట లోయిస్ ముందు అంటే ఏం చేస్తానో నాకే తెలియదు. ఆయన కటకటాలు పట్టుకుని ముందుకు వంగారు.

"పప్పుకి కుక్కరు ఎన్ని విజిళ్ళెయ్యాల?"

ఇంజను పొడుగు కూతేస్తే ఏమిటో, పొట్టి కూతేస్తే ఏమిటో నిద్రలో లేపినా చెప్పగల మనిషి. పంతొమ్మిదేళ్ళు పక్కగదిలో కూర్చుని మా కుక్కరు కూతలు విన్న మనిషి. లోయిస్ ఫక్కున నవ్వింది. నాకు మాత్రం కళ్ళనీళ్ళొచ్చాయి. ఆయన వెళ్ళిరా అనలేదు, ఎప్పటికీ అనరేమో కూడా. కానీ ఈ పూట వంటింట్లో నేనుండనని ఆయన ఒప్పుకున్నారు.

"పొయ్యి దగ్గర నిలబడి చూసుకోండి, మీకే తెలుస్తుంది" అని, సూట్‌కేసు ఎత్తి పట్టుకున్నాను.