అరగంట ఆగకుండా

కారు కొనాలనుకున్న రోజు నుంచీ నర్సమ్మకు మనసు ఒకచోట నిలవలేదు. ఇళ్లకు వెళ్లి, మంచాన పడ్డవాళ్లకు కట్లు మార్చడం ఆమె పని. రోజుకు ఎనిమిది ఇళ్లు. ఇంటికీ ఇంటికీ మధ్య పట్టుమని రెండు కిలోమీటర్లు కూడా ఉండవు.

“కళ్లు మూసుకుని డీజిల్ తీసుకోవమ్మా. మైలేజీకి తిరుగులేదు” అన్నాడు లారీ తోలే బావ.

“ఆగి ఆగి తిరిగే బండికి పెట్రోలే హాయి” అన్నాడు వీధి చివరి మెకానిక్.

ఇద్దరి మాటా నిజమే అనిపించింది. కొనే రోజున పక్కన ఉన్నది బావ కాబట్టి డీజిల్ కొంది.

మూడో నెలలో స్టీరింగు వెనక పసుపు దీపం వెలిగింది.

“మసిని పట్టే ఫిల్టరు ఉంటుందమ్మా. బండి బాగా వేడెక్కితేనే ఆ మసి కాలిపోతుంది. మీది వేడెక్కేలోపే ఇల్లొస్తోంది” అన్నాడు మెకానిక్. “వారానికోసారి పెద్ద రోడ్డెక్కి అరగంట ఆగకుండా నడపండి.”

“ఎక్కడికి?”

“ఎక్కడికైతేనేం? ఊరికే.”

పొదుపు కోసం డీజిల్ కొని, ఊరికే తగలెయ్యడమేమిటో ఆమెకు బోధపడలేదు.

ఆ ఆదివారం ఆఖరి ఇల్లు లెక్కల మాస్టారిది. తుంటి విరిగి, చక్రాల కుర్చీకే పరిమితమై ఆయన ఐదు నెలలుగా గడప దాటలేదు. కోడలు బయటికి తీసుకెళతానంటే, “నా కోసం ఎవరూ ఇబ్బంది పడొద్దు” అనేవాడు.

“ఏమ్మా, పరధ్యానంగా ఉన్నావు?” అని అడిగాడు. నర్సమ్మ చెప్పింది.

“నీ బండికి తిరుగుడు కావాలన్నమాట. పద, తోడొస్తా.”

కోడలు నోరు తెరుచుకుని చూస్తూనే ఓ చెయ్యి వేసింది; ఇద్దరూ ఆయన్ని కారెక్కించారు. పెద్ద రోడ్డు మీద మాస్టారు అద్దం దించమని చెప్పి, కిలోమీటరు రాళ్లన్నీ పైకి చదివాడు. ఇరవయ్యో నిమిషంలో దీపం ఆరింది.

“ఆరిపోయింది మాస్టారూ!”

“అప్పుడేనా?” ఆయన ముఖం చిన్నబోయింది. “ఇంకో పది నిమిషాలు పోనీ. మూలల్లో ఎక్కడైనా మసి మిగిలుంటే?”

అలా నాలుగు ఆదివారాలు గడిచాయి. అంతలో మెకానిక్ మంచి బేరం తెచ్చాడు. “అదే కారు, అదే రంగు, పెట్రోలు. మార్చేసుకోండి, పీడ వదులుతుంది.”

తాళం చెవులు చేతిలో పట్టుకుని నర్సమ్మ నిలబడిపోయింది. మాస్టారిని పెట్రోలు కారులోనూ తిప్పొచ్చు. కానీ అప్పుడది ఆయనకు చేసే సాయమవుతుంది. సాయమంటే ఆయన కదలడు. ఇప్పుడైతే ఆయనే కారుకు సాయం చేస్తున్నాడు. ఇందుకోసం డీజిల్ ఉంచుకుంటారా ఎవరైనా? తనకు మతిగానీ పోయిందా?

“ఇప్పుడే వద్దులే” అంది.

“మైలేజీ కోసమా?”

“కాదు.”

“మరెందుకమ్మా?”

“ఏమో బాబూ, నాకే సరిగ్గా తెలియట్లేదు” అని కారెక్కింది.