డెల్లా మార్ష్ దినాలు

ప్రొద్దుటూరు బట్టలబజారులో గంగాధరం శెట్టి అంగడి పొద్దున తొమ్మిదిన్నరకు తెరుస్తారు. తెల్లదుప్పట్లు పరిచి, వాసవమ్మ పటానికి ఊదుకడ్డీలు వెలిగించాక శెట్టి చేతులు తుడుచుకుని ఒక అమెరికా పాట పెడతాడు. పాట మొదలైందంటే గౌరి వచ్చి అంగడి మెట్ల మీద నిలబడుతుంది. ఆ బజారులో ప్రతి అంగడికీ ఒక పిలిచే మనిషి ఉంటారు. "రాండమ్మా, రాండి, కొనకపోయినా చూసి పోండి" అని గౌరి ఒక్క కేక వేసిందంటే, ఎదురంగడి మెట్టు మీద పెట్టిన కాలు కూడా వెనక్కి తీసుకుని ఇటు వచ్చేస్తారు ఆడవాళ్లు. ఎదురంగడివాళ్లకు పదేళ్లుగా ఇదే కడుపుమంట.

పాటల సంగతి చెప్పాలి. యాభై ఏళ్ల కిందట జమ్మలమడుగులో ఒక దొరసాని డాక్టరమ్మ ఉండేది. ఆమె తన దేశానికి వెళ్లిపోతూ ఇంట్లో సామానంతా అమ్మేస్తుంటే, శెట్టి నాయన మంచం కొందామని పోయి, నలభై రెండు రికార్డులు, అవి వాయించే పెట్టె ఒకటి కొనుక్కొచ్చాడు. మంచం మాట మరిచేపోయాడు. శెట్టికి ఇంగ్లీషు రాదు. అయినా ఏ పాట ఎప్పుడు పెట్టాలో ఆయనకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు. గుర్రాల మీద తిరిగేవాళ్ల కంట్రీ పాటలు పొద్దుటికి. పాప్ పాటలు మధ్యాహ్నం, పెళ్లిబట్టలు తీసేవాళ్లకు. సాయంత్రం జనం ముసురుకున్నప్పుడు రాక్. రాక్ పెడితే బేరాలు తొందరగా తెములుతాయని ఆయన నమ్మకం, అది నిజం కూడా.

ఈ రికార్డుల్లో పాడేవాళ్లకు వయసు వస్తుంది. డాక్టరమ్మ పెట్టెలోంచి వచ్చిన రోజు ఇరవై ఏడేళ్ల పిల్లలా పాడిన డెల్లా మార్ష్ ఇప్పుడు డెబ్బై దాటిన ముసలామె. చలికాలం ఆమెకు జలుబు చేస్తే బజారంతటికీ తెలుస్తుంది. ఎర్ల్ పికెట్ అనే ఆయన, పెండ్లాం తనను వదిలేసి పోయినప్పుడు ఆర్నెల్లు ఏడుపు పాట పాడాడు, మళ్లీ పెళ్లి చేసుకున్నాక అదే పాటను వినలేనంత తీపి చేసి పాడాడు. నలుగురు కుర్రాళ్ల రాక్ పాటలో డ్రమ్ము వాయించేవాడు పదకొండేళ్ల కిందట పోయాడు. అప్పటినుంచి ఆ పాటలో డ్రమ్ము లేదు. బట్ట కొలిచే కమాల్ బాషా ఆ చోటు రాగానే స్టీలు గజంతో బల్ల మీద కొట్టి లోటు పూడుస్తాడు. ఎవరూ చెప్పలేదు, ఆయనే మొదలుపెట్టాడు.

గౌరిది కొండాపురం పక్క ఊరు. ఆ ఊరు గండికోట నీళ్లలో మునిగితే ఇల్లూ పొలమూ పోయి, గొంతొక్కటి వెంట తెచ్చుకుంది. డెల్లా పాటలో ఒకచోట గొంతు పైపైకి పోయి అక్కడే నిలబడుతుంది. ఆ చోట గౌరి కూడా మెట్ల మీదనుంచి గొంతు కలుపుతుంది. ఒక్క మాటకూ అర్థం తెలియదు, ఒక్క మాటా తప్పు పలకదు. ఈ మధ్య డెల్లాకు అక్కడ ఊపిరి చాలకపోతే గౌరే లాక్కుపోతోంది.

అలాంటి గౌరికి మెడలో గడ్డ లేచింది. కడపలో పెద్ద డాక్టరు చూసి, అది లోపల ఊపిరిగొట్టాన్ని నొక్కుతోంది, కోసి తీసేయాలి, తియ్యకపోతే ప్రాణం మీదికొస్తుంది అన్నాడు. గొంతు నరం పక్కనే ఉంది కాబట్టి తర్వాత గొంతు దిగిపోవచ్చు, పై స్వరం మళ్లీ రాకపోవచ్చు అని కూడా అన్నాడు. గౌరి ఆ కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుంది. ఎనిమిది నెలలైంది.

"ఏందిమా, మెట్లెక్కితే ఆయాసపడతాండావు. పొయ్యి కోపిచ్చుకో" అన్నాడు శెట్టి.

"గొంతు పోతే నేనెవురన్నా?" అంది గౌరి. "నోరు తెరిచి పిలిస్తే ఒక్క మనిషీ తిరిగి చూడకపోతే? ఆ బతుకు నాకొద్దు."

ఆమె భయపడింది కత్తికి కాదు, తిరిగొచ్చి ఆ మెట్ల మీద నిలబడే రోజుకు.

శ్రావణమాసంలో, అంగడి నిండా పెళ్లిగుంపులు ఉన్న రోజుల్లో, డెల్లా పాడటం ఆపేసింది. రికార్డు తిరుగుతోంది, గిటార్లు మోగుతున్నాయి, ఆమె పాడాల్సిన చోట ఖాళీ. ఒక రోజు చూశారు, రెండ్రోజులు చూశారు. పదో రోజు శెట్టి భార్య పద్మావతమ్మ కళ్లు ఒత్తుకుంది.

"పోయినాదయ్యా మహాతల్లి. యాభై ఏండ్లు మనింట్లో పాడినాది. దిక్కులేనిదాని మాదిరి వదిలేస్తామా?"

అలా డెల్లా మార్ష్‌కు ప్రొద్దుటూరులో దినాలు చేశారు. పురోహితుడు గోత్రం అడిగాడు. ఎవరికీ తెలియదు. తెలియనివాళ్లకు కాశ్యప గోత్రం చెప్పుకుంటారు కాబట్టి ఆయన అదే చెప్పేశాడు. అంగడి ఒకపూట మూశారు. వడలు, పాయసం చేసి బజారులో అందరికీ విస్తళ్లు వేశారు. ఎదురంగడివాళ్లు కూడా వచ్చి తిన్నారు. కమాల్ బాషా మసీదులో ఆమె పేరున దువా చేసి వచ్చి విస్తరి ముందు కూర్చున్నాడు.

గౌరి మాత్రం కూర్చోలేదు.

"ఆమె పోలేదక్కా" అంది పద్మావతమ్మతో. "గిటారోళ్లు ఏడుస్తా వాయించడం లేదు. కాసుకోని ఉన్నట్టు వాయిస్తాండారు. ఈమె యాడికో పొయ్యింది, వస్తాది."

"నీకు పిచ్చిమా. తిను" అంది పద్మావతమ్మ. గౌరి తినలేదు. మనసులో ఆమెకు కూడా గట్టి నమ్మకమేం లేదు, పోలేదని అనుకోకపోతే తాను తట్టుకోలేదు, అంతే. డెల్లా లేని పాటలో ఆ పైచోటు రాగానే, గౌరి నోరు మూసుకుని మెట్టు దిగి రోడ్డు మీదికి పోయేది.

కార్తీకం వచ్చింది. పులివెందులలో ఇంజనీరింగు చదివే శెట్టి మనవరాలు ప్రశాంతి సెలవలకు ఇంటికొచ్చి అంగట్లో కూర్చుంది. శెట్టి అలవాటు కొద్దీ డెల్లా రికార్డు పెట్టాడు. గిటార్లు మొదలై ఉన్నట్టుండి ఆగిపోయాయి. ఎవరో గొంతు సవరించుకున్నారు. తర్వాత ఒక ముసలి గొంతు, జీరగా, మాట్లాడింది.

పద్మావతమ్మ చేతిలో చీర జారింది. "అయ్యో! దినాలు చేసేసినాం గదా, ఇప్పుడేం చేయాల?"

"బతికుండంగా చేస్తే ఆయుస్సు పెరుగుతాదిలే, ఊరికుండు" అన్నాడు శెట్టి. "ఏమంటాండాది పాపా?"

ప్రశాంతి చెవి ఒగ్గి విని చెప్పింది. "గొంతులో గడ్డ కోసి తీసేసినారంట తాతా. పైకి పోయే గొంతు ఇంగ రాదంట. 'నేను పోయినా అనుకున్నారేమో, పోలేదు. మీరు కిందికి దిగి శ్రుతి పట్టుకోండి, నేనాడ ఉంటా' అని వాయించేవాళ్లకు చెప్తాండాది."

గిటార్లు మళ్లీ మొదలయ్యాయి, ఈసారి కింది శ్రుతిలో. డెల్లా పాడింది. గౌరి మెట్ల మీదనుంచి లోపలికి వచ్చి, మెడ మీద చేయి పెట్టుకుని నిలబడింది. ఆ చోటు వచ్చింది. డెల్లా పైకి పోలేదు. పోవాలని ప్రయత్నం కూడా చేయలేదు. మెల్లగా కిందికి దిగి, నేల తగిలేదాకా దిగి, అక్కడ కుదురుగా నిలబడి పాడింది. ఇన్నేళ్లూ ఆ పాటలో అలాంటి చోటొకటి ఉందని ఎవరికీ తెలియదు. అందరూ పని ఆపేశారు. చీరకు అంచు బాగాలేదని వాదిస్తున్న ఖాజీపేట ఆమె కూడా నోరు మూసుకుంది.

"ఇంగోసారి పెట్టన్నా" అంది గౌరి. అయిపోయాక మళ్లీ పెట్టమంది. మూడోసారి విన్నాక సంచి తెరిచి కడప కాగితాలు బయటికి తీసింది. మడతల దగ్గర చిరుగుతున్నాయి.

"అన్నా, నేను రేపు అంగడికి రాను. కడపకు పోతాండా."

"తోడు నేనొస్తా" అంది పద్మావతమ్మ. అప్పుడు గౌరి ఏడ్చింది, అందరిముందూ, గట్టిగా.

గడ్డ తీసేశారు. కుట్లు మానేదాకా మాట్లాడొద్దన్నారు, గౌరి నెలరోజులు సైగలతో గడిపింది. తర్వాత అంగడికి వచ్చిన పొద్దున బజారుకు బజారే ఏదో ఒక సాకు పెట్టుకుని బయట నిలబడింది. శెట్టి పాట పెట్టలేదు. ఈ ఒక్కరోజూ ఆమెకు ఎవరూ అడ్డం రాకూడదనుకున్నాడు.

గౌరి మెట్టు మీద నిలబడి గొంతు సవరించుకుంది. పైకి పోవాలని చూడలేదు. వచ్చిన గొంతు లోతుగా, గరుకుగా ఉంది, రోడ్డు అవతలికి కూడా సరిగా పోలేదు. ఎదురంగడి పిలుపుల్లో సగం మునిగిపోయింది. కమాల్ బాషా తల వంచుకున్నాడు. గౌరి ఆగలేదు, అదే గొంతుతో మళ్లీ పిలిచింది.

ఎదురంగడి నీడలో సంచి పట్టుకుని నిలబడిన ఒకామె, అంతమందిలో తన ఒక్కదాన్నే ఎవరో పిలిచినట్టు, తిరిగి చూసింది.

"నన్నేనా మా?" అంది.

"నిన్నేమ్మా" అంది గౌరి. "రా, లోపలికి రా."