ఒంటాకు గడ్డ హాజరు

మెట్టుగూడ డోరా టీచర్ మోండా మార్కెట్‌కి వస్తోందంటే కొత్తిమీర అమ్మేవాళ్ళ గుండెల్లో రాయి పడుతుంది. ఆమె బేరమాడదు. కట్టల ముందు నిలబడి, బడిలో అలవాటైన గొంతుతో "కొత్తిమీర!" అని హాజరు పిలుస్తుంది. పొద్దున కోసినదైతే "ప్రెజెంట్ టీచర్" అంటుంది. నిన్నటిదైతే నోరు మెదపదు. ఆమె రిటైరైన సంగతి మొక్కలకి ఎవరూ చెప్పినట్టు లేదు.

కూతురు హదస్సా అడవుల్లో అరుదైన మొక్కల సర్వే చేస్తుంది. నల్లమలకి వెళ్ళినప్పుడల్లా ఆమె వెంట గొడుగు, పచ్చడి సీసా, అమ్మ ఉండాల్సిందే. ఈసారి వెతకాల్సింది ఒంటాకు గడ్డని. వానల్లో ఒక ఆకు, ఒక పువ్వు చూపించి, మిగతా ఏడాదంతా మట్టిలో ముసుగుతన్ని పడుకునే మొక్క అది. గనుల ఆఫీసువాళ్ళేమో సర్వేని మండు వేసవిలో పెట్టారు. మొక్క దొరక్కపోతే, వెతకాల్సిన కొండవాలు మొత్తం క్వారీకి పోతుంది.

ఆఫీసు తరఫున వచ్చిన యుగంధర్ ఒక బండ మీద కూలబడ్డాడు. "ఏమున్నది మేడమ్ ఈడ? ఖాళీ అని రాసుకొని రమ్మన్నరు. జెర తొందరగ కానియ్యండి."

హదస్సా వాలు కింద కొలతతాడు పట్టుకుని నిలబడింది. డోరా పైనుంచి పిలిచింది. "ఒంటాకు గడ్డ!" జవాబు లేదు. మళ్ళీ పిలిచింది. ఈమధ్య ఆమెకి చెవులు మందగించాయి. ఆ మాట కూతురికి కూడా చెప్పలేదు.

"ఎవ్వరూ లేరు బిడ్డా," అంది చివరికి. హదస్సా తాడు చుట్టసాగింది.

సరిగ్గా అప్పుడు యుగంధర్ చెప్పుల కిందనుంచి నిద్రమత్తుగా ఒక సన్నని గొంతు వచ్చింది. "ప్రెజెంట్ టీచర్." దాని పక్కన ఇంకొకటి. ఆ తర్వాత వరసంతా. అతను తప్ప ఎవరూ వినలేదు. ఊరుకుంటే పై అధికారి మెచ్చుకుంటాడు. కానీ చిన్నప్పుడు అతనూ చివరి బెంచీలోంచి ఇలాగే మెల్లగా పలికేవాడు. వినపడక ఆబ్సెంట్ వేసేవారు. ఆ ఉక్రోషం ఇంకా పోలేదు.

చెయ్యెత్తి లేచాడు. "టీచర్, ఆగుండ్రి! అందరున్నరు. మెల్లగ పలుకుతున్నరు, గంతే."

మోకాళ్ళ మీద కూర్చుని మట్టి తీశాడు. శనగగింజంత తెల్లని గడ్డ బయటపడింది.

"నాకు ఇనబడలే నాయనా," అంది డోరా. ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. హదస్సా వచ్చి అమ్మ చెయ్యి పట్టుకుంది.

కొండవాలు నిలిచింది. యుగంధర్‌కి ఆ ఆఫీసులో చోటు పోయింది. ఇప్పుడతను హదస్సా దగ్గరే పని చేస్తున్నాడు. డోరా పేరు పిలుస్తుంది, అతను నేలకి చెవి ఆనించి వింటాడు. ఎంతసేపు పలకకపోయినా సరే, ఆబ్సెంట్ మాత్రం వెయ్యనివ్వడు.