ఊపిరున్న సీసా

ఏలూరు కాలేజీ ల్యాబులో దానమ్మకి రోజూ పొద్దున్నే మూడు పనులు. గాజు సామాను కడగడం, ఫ్రీజరు ఎంత చల్లగా ఉందో రిజిస్టరులో రాయడం, అందులోని ఎంజైము సీసా నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీసుకుంటోందో చూసి ఆ పక్కనే రాయడం. బొటనవేలంత సీసా. లోపల గాజు మీద ఆవిరి పట్టేది, పోయేది. మనిషి జన్యువుని సూక్ష్మజీవుల్లో పెట్టి పెంచి, వడగట్టి, శుద్ధి చేసి తీసిన ఎంజైము అది. మనిషిది కాబట్టి ఊపిరి తీసుకుంటుందిలే అనుకునేవారు అందరూ. ఫ్రీజరు మెకానిక్కు కూడా వచ్చినప్పుడల్లా "బాగానే ఉందాండీ?" అని దాన్ని ఓసారి పలకరించి పోయేవాడు.

దానమ్మ కూతురు నిస్సీ ఒంట్లో లేనిది సరిగ్గా ఆ ఎంజైమే. ఆరేళ్ళ పిల్లకి పొట్ట ఉబ్బిపోయి, కాళ్ళు పుల్లలైపోయాయి.

"ఒక్క బొట్టు ఇప్పించండి మేడమ్‌గారూ, మీ కాళ్ళు పట్టుకుంటాను" అంది దానమ్మ, 2007 వేసవిలో.

ల్యాబు చూసుకునే ఉదయశ్రీ మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ఇది పరీక్షలకేనమ్మా, మనుషులకి ఎక్కించేది కాదు. మందే అయితే నేనివ్వనా?"

ఈ మాటలు తల్లి చెవికెక్కుతాయా? శనివారం మధ్యాహ్నం మేడమ్ భోజనానికి వెళ్ళగానే దానమ్మ సీసా తీసేసింది. పెళ్ళికి ముందు కొల్లేటి చేపలు ప్యాకింగు చేసిన మనిషి. నలగ్గొట్టిన ఐసులో సర్దితే చేప హౌరా దాకా చెడకుండా పోతుంది, తమ ఊరు దెందులూరు ఎంత దూరం కనక? థర్మాకోలు పెట్టెలో ఐసు పోసి, సీసా నడుమ పెట్టి బస్సెక్కింది. ఫ్రీజరు మైనస్ ఎనభై అని రోజూ రాసేది తన చెయ్యే. అయినా ఐసంటే ఐసే అనుకుంది, పిచ్చిది.

దిగగానే పిల్లని ఎత్తుకుని వెళ్తే, ఊళ్ళో సూదిమందు వేసే జ్ఞానయ్య సీసాని వెలుతురులో పెట్టి చూశాడు. "దీనికి ఊపిరి లేదు కదమ్మా దానమ్మా. ప్రాణం పోయినదాన్ని పిల్లకెలా ఎక్కించను?"

దానమ్మ ఆయన అరుగు మీదే కూలబడి ఏడ్చింది. నిస్సీ ఆమె ఒళ్ళోకి పాకి సీసా అందుకుంది.

"చచ్చిపోయిందా అమ్మా?"

"పోయిందే తల్లీ."

"ఉండు, నేను ఊదుతాను."

మూతకి పెదాలు ఆనించి ఊదింది. ఒకసారి, రెండుసార్లు, పదిసార్లు. గాజు లోపల ఆవిరి పట్టింది. పోయింది. మళ్ళీ పట్టింది.

"బతికిందండీ జ్ఞానయ్యగారూ!" అని దానమ్మ కేకపెట్టింది. మళ్ళీ ఎక్కడ ఆగిపోతుందోనని సీసా మీంచి కళ్ళు తిప్పకుండా కూర్చుంది. ఒళ్ళో పిల్ల నిద్రపోయిందనుకుంది. జ్ఞానయ్య సూది సిద్ధం చేసుకుని వచ్చి, నిస్సీ చెయ్యి పట్టుకున్నాడు. కాసేపు అలాగే పట్టుకుని, మెల్లగా ఒళ్ళో పెట్టేశాడు.

నిస్సీని సమాధి చేసిన మూడో రోజు దానమ్మ సీసాతో ల్యాబుకి వచ్చింది. ఐసు ఎప్పుడో కరిగిపోయింది. సీసా ఊపిరి మాత్రం చక్కగా ఆడుతోంది. మేడమ్ ఫ్రీజరు తలుపు తెరిచి చెయ్యి చాపింది.

దానమ్మ సీసాని కొంగులో చుట్టుకుంది.

"అందులో వద్దండీ. పిల్లకి చలేస్తుంది."