కె ద్రావణం

అక్టోబరు వచ్చిందంటే మా బడి పిల్లలు పుస్తకాలకన్నా నన్నే ఎక్కువ చదివేవాళ్లు. అప్పట్లో నేను ల్యాబ్ అటెండర్ని. ఆఖరి తరగతి జీవశాస్త్రం ప్రాక్టికల్‌కి ఏ కాయ కావాలో, ఏ పురుగు కావాలో పరీక్షకి వారం ముందు సీలు వేసిన ఉత్తరం వస్తుంది. విప్పేది టీచరు. సంతకి పోయేది నేను. నా బుట్టలో ఏముందో తెలిస్తే ప్రశ్న తెలిసినట్టే. అందుకని ఆ వారం రోజులూ నేను సైకిలెక్కితే చాలు, హాస్టలు కిటికీల నిండా తలకాయలే.

ఒక ఏడాది ఊరికే వాళ్లని ఏడిపిద్దామని రెండు జెల్ల చేపలు బుట్టలో వేసుకుని హాస్టలు ముందు మూడుసార్లు తిరిగాను. వారమంతా చేప మొప్పల బొమ్మలు గీసి గీసి చచ్చారు. పరీక్షలో చిక్కుడు గింజ వచ్చింది. నేను మనసారా నవ్వుకున్న రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, అందులో అదొకటి.

సీనియర్ టూలో, అంటే తొమ్మిదో తరగతిలో, బడి మానేసినవాణ్ణి. ఎందుకు మానేశానన్నది ఇప్పుడు ఎవరికి కావాలి. పందొమ్మిదేళ్లు పరాయి పిల్లల పరీక్షలకి బల్లలు సర్దాను, ట్యూబులు కడిగాను. వచ్చిన ప్రతి టీచరూ నాకు చీపురు ఎలా పట్టుకోవాలో నేర్పినవాడే. చివరి ఆరేళ్లూ ఉన్న నబులో టీచరు ఒక్కతే వేరు. ఆమెలో తప్పు వెతకలేదని కాదు. వెతికాను, దొరకలేదు.

ఆమె పాఠం ఎలా చెబుతుందో ఒక్క ముక్కలో చెబుతాను. ఒకరోజు క్లాసులో పిండి నీళ్లని చెప్పి పిల్లలందరికీ వట్టి నీళ్లు ఇప్పించింది. పోసింది నేనే. అయోడిన్ చుక్క వేస్తే నల్లబడాలి. నల్లబడలేదు. అయినా నలభై మందీ నల్లబడిందనే రాశారు. నలభై మందికీ సున్నా వేసి, ట్యూబులో ఏది కనపడితే అది రాయండి, నేను చెప్పింది కాదు అంది. పిల్లలు తిట్టుకున్నారు. నేను మాత్రం వెనకాల బీకర్లు తుడుస్తూ, చిన్నప్పుడు నాకూ ఇలాంటిది ఒక్కతి తగిలుంటేనా అనుకున్నాను.

ఆ నలభై మంది తరవాతి ఏడాది వచ్చింది ఖైన్జా. రెండోసారి పరీక్ష రాస్తోంది. పైన కొండమీద అమ్మమ్మ దగ్గర పెరిగిన పిల్ల. క్లాసులో అందరికన్నా రెండేళ్లు పెద్దది, అందుకని వెనక బెంచీ కుర్రాళ్లు ఆమెనే అమ్మమ్మా అని పిలిచేవాళ్లు. శనివారాలు ల్యాబుకొచ్చి నాతోపాటు ట్యూబులు కడిగేది, కడిగినందుకు ఒక గంట బర్నరు వాడుకోనివ్వమనేది. మంత్రసాని చదువులో చేరాలంటే జీవశాస్త్రంలో మంచి మార్కు ఉండాలి. మొదటిసారి రాలేదు. మూడోసారి రాయించడానికి అమ్ముకుందామంటే అమ్మమ్మకి కాఫీ చెట్లు మిగల్లేదు. ఇవన్నీ ట్యూబుల మధ్య ఎప్పుడో ఒక మాట, ఎప్పుడో ఒక మాటగా తెలిశాయి. నాకు జాలి తొందరగా కలగదు. కానీ ఆ పిల్ల ట్యూబు కడిగితే మళ్లీ నేను కడగక్కర్లేదు. అంత శుభ్రంగా కడిగేవాళ్లని నేను తక్కువే చూశాను.

ఆ ఏడాది ఉత్తరంలో వచ్చింది కూర అరటికాయ. పచ్చివి, గట్టివి. పరీక్ష పొద్దున తురిమి, నీళ్లలో కలిపి, గుడ్డలో వడకట్టి, కె అని చీటీ అంటించిన బీకర్లలో పోసివ్వాలి. అందులో పిండి ఉందా, చక్కెర ఉందా అన్నది పిల్లలు తేల్చాలి. పచ్చి అరటిలో ఉండేది పిండే, పండేకొద్దీ అది చక్కెర అవుతుంది. అయోడిన్ వేస్తే నల్లబడుతుంది. నీలం రంగు బెనెడిక్ట్ మందు కలిపి మరిగిస్తే మార్పుండదు, నీలం నీలంగానే ఉంటుంది; చక్కెర ఉంటేనే ఎర్రబడుతుంది.

పరీక్ష మంగళవారం. సోమవారం కొంటే పిల్లలు కనిపెడతారని నేను ముందు గురువారమే గెల కొనేశాను. హస్తాలు కోసి, గోనెసంచిలో కుక్కి, పైన మా మరదలు పంపిన అవకాడో పళ్లు పరిచి, మూతి బిగించి కట్టి, రేకుల కప్పున్న సామాన్ల గదిలో మూలకి తోశాను. ఎవరైనా చూసినా అవకాడోలే కనపడతాయి. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మా నాన్న బతుకంతా అరటిపళ్ల సారా... సారా కూడా కాదు, పులిసిన రసం కాచుకుని బతికినవాడు. కాయలు గోతిలో కప్పెట్టి, వెచ్చగా మూసి మగ్గబెట్టడం నేను నడక రాకముందు నుంచీ చూసినవాణ్ణి. పండిన పండు పక్కన పెడితే కాయ రెండింతల వేగంగా మగ్గుతుందని మా కొండమీద అయిదేళ్ల పిల్లకి తెలుసు. అయినా ఐదు రోజులపాటు ఎండకి కాగే రేకుల కింద, బిగించి కట్టిన సంచిలో, పండిన అవకాడోల కింద ఆ కాయల్ని పెట్టిన ఘనుణ్ణి నేనే. పిల్లల కళ్లు కప్పాలన్న ధ్యాస తప్ప ఇంకేమీ లేదు నాకు.

పోనీ ఆ కళ్లైనా కప్పానా అంటే అదీ లేదు. సంచి మూతిలోంచి అరటి తొడిమ ఒకటి బయటికి పొడుచుకొచ్చిందట. ఆ సాయంత్రానికే హాస్టలంతా తెలిసింది. నాలుగు రోజులపాటు ఒకటే పాట: అయోడిన్ నలుపు, బెనెడిక్ట్ నీలం.

మంగళవారం ఆరింటికి సంచి విప్పాను. వాసనకి మా నాన్న గొయ్యే గుర్తొచ్చింది. తొక్కలు ఇంకా పచ్చగానే ఉన్నాయి, తొడిమ దగ్గర మాత్రం పసుపు తిరిగాయి. వేలితో నొక్కితే లోపల మెత్తగా లొంగింది. సంతలోకి లారీలొచ్చేది తొమ్మిదింటికి. పరీక్ష ఎనిమిదింటికి. నబులో టీచరు పోలీసు స్టేషన్ నుంచి వచ్చిన ప్రశ్నపత్రాల పెట్టె దగ్గర సంతకాలు పెడుతోంది. వెళ్లి చెప్పొచ్చు. ఇరవై అడుగుల దూరం. నేను వెళ్లలేదు. ఉన్నవాట్లో గట్టివి ఏరి, తురిమి, వడకట్టి, నలభై నాలుగు బీకర్లలో పోశాను. కాస్త తీపి ఎక్కువైతే ఎవడు చూడొచ్చాడు అనుకున్నాను. ఉద్యోగం పోతుందన్న భయానికి నేను పెట్టుకున్న పేరు అది.

పరీక్ష మొదలైంది. అటెండర్ని కాబట్టి బల్లల మధ్య తిరిగే హక్కు నాకుంది. నిప్పుల కుంపట్ల మీద నీళ్లు మరుగుతున్నాయి, అందులో ట్యూబులు నిలబెట్టి పిల్లలు చూస్తున్నారు. నీలం కాస్త ఆకుపచ్చయింది. తరవాత పసుపు. తరవాత ఇటుక ముక్కలాంటి ఎరుపు. అయోడిన్ వేసిన ట్యూబుల్లో అడుగున చిన్న నల్లటి మచ్చ, మిగతాదంతా అయోడిన్ రంగే.

పిల్లలు ట్యూబు వంక చూశారు, కాగితం వంక చూశారు. ఒకడు తలెత్తి కప్పు వంక చూశాడు, అక్కడేమైనా రాసుందేమోనని. తరవాత అందరూ వంచిన తల ఎత్తకుండా రాసేశారు. నేను భుజాల మీదుగా చదివాను. నలుపు. నీలం, మార్పు లేదు. నలుపు. నీలం. ఇటుకరంగు ట్యూబు కళ్లెదురుగా ఉంటే నీలమని రాస్తున్నారు. ఒక కుర్రాడు అది రాయగానే ఎవరో పట్టుకుంటారన్నట్టు ట్యూబు గబగబా కడిగేశాడు. నాకు నవ్వు రాలేదు. నేను చేసిన పనే వాడూ చేస్తున్నాడు.

ఖైన్జా చెయ్యెత్తింది. ఇంకాస్త కె ద్రావణం కావాలంది. అడిగితే ఇవ్వాలి, రూలు అది. పోశాను. మొదటి ట్యూబు కడిగేసి, మళ్లీ మొదటినుంచి చేసింది. మళ్లీ ఇటుకరంగు. పక్కన ఇంకో ట్యూబులో వట్టి నీళ్లు పోసి అదే మందు కలిపి మరిగించింది. అది నీలంగానే ఉంది. అంటే మందు చెడలేదు. అంటే తేడా కె లోనే ఉంది. ప్రశ్నపత్రం అది చెయ్యమనలేదు. ఎవరూ చెప్పకుండానే ఆ పిల్ల తనకి తానే సాక్ష్యం తయారు చేసుకుంటోంది. మళ్లీ చెయ్యెత్తినప్పుడు కాపలా కాస్తున్న ఉప ప్రధానోపాధ్యాయుడు గిదూదు, ఏం, తాగుతున్నావా అది అన్నాడు. వెనక బెంచీలు కిసుక్కుమన్నాయి. ఆమె బీకరు పట్టుకుని నిలబడే ఉంది. నేను పోశాను.

మూడోసారి చూశాక రాసింది. ఇటుక ఎరుపు, చక్కెర చాలా ఉంది. పిండి కొద్దిగా ఉంది. కింద ఇంకో వాక్యం చేర్చింది: కె పండడం మొదలైన కాయనుంచి తీసినది కావచ్చు. తరవాత మూడు ట్యూబుల్నీ కడక్కుండా స్టాండులో వరసగా నిలబెట్టి, చేతులు కట్టుకుని కూర్చుంది.

మా దగ్గర పద్ధతి ఒకటుంది. పిల్లలు పరీక్ష రాస్తుండగానే పక్క గదిలో టీచరు అదే ద్రావణంతో అదే పరీక్ష చేసి, తనకేం వచ్చిందో ఒక కాగితం మీద రాసి, జవాబు పత్రాల కవరులో పెట్టాలి. ఒక్కో ఊళ్లో కాయ ఒక్కోలా ఉంటుంది కాబట్టి దిద్దేవాళ్లు ఆ కాగితం పక్కన పెట్టుకునే దిద్దుతారు. టీచరు నీలమని రాస్తే నీలం రాసినవాళ్లు పాసు. ఎరుపని రాస్తే ఎరుపు రాసినవాళ్లు పాసు.

పరీక్ష అయ్యాక గిదూదు కవరూ లక్కా పట్టుకుని పక్కగదికి వచ్చాడు. నేను అక్కడే సింకు దగ్గర ఉన్నాను. టీచరు కాగితం చూసి ఆయన ముఖం ముడుచుకుంది. చాలాసేపు మెల్లగా నచ్చజెప్పాడు. పిల్లలంతా సరైన జవాబే రాశారు, పుస్తకంలో ఉన్నదే రాశారు, నువ్వొక్కతివి ఎరుపంటే నలభై మంది తల్లుల ఉసురు పోసుకున్నట్టే అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఆయన కూతురు కూడా ఆ గదిలోనే రాసింది.

టీచరు ట్యూబు ఎత్తి వెలుతురులో పట్టుకుంది.

"సార్, మీకిది ఏ రంగులో ఉంది?"

ఆయన ఇంకో దారి పట్టాడు. ఎందుకలా వచ్చిందో కారణం రాసే గడి ఖాళీగా ఉందే అన్నాడు. కారణం లేకపోతే టీచరుకే చెయ్యడం రాలేదనుకుంటారు, నీ కాగితం అవతల పారేసి మామూలు జవాబుతో దిద్దేస్తారు, ఈ మాత్రానికి ఎందుకీ రభస అన్నాడు. అది నిజమే. ఆమెకీ తెలుసు. కారణం తనకి తెలియదు కాబట్టి రాయలేదంది. ఆ మాట అంటున్నప్పుడు నా వైపు తిరగలేదు. తిరిగి ఉంటే, నన్నడిగి ఉంటే, అబద్ధం చెప్పేవాణ్ణేమో. అడగలేదు.

కిటికీలోంచి ల్యాబు కనపడుతోంది. స్టాండులో ఆ మూడు ట్యూబులు. ఎరుపు, ఎరుపు, నీలం. నేను వాటిని ఇంకా కడగలేదు.

"నాకు తెలుసు," అన్నాను.

"నువ్వు ట్యూబులు కడుక్కో, కులోబా," అన్నాడు గిదూదు.

"కాయలు ఐదు రోజులు సంచిలో మగ్గాయి సార్. పొద్దున్న ఆరింటికే చూశాను. చూసే తురిమాను."

టీచరు కాగితం నా వైపు జరిపి, కలం మూత తీసిచ్చింది. నేను చెప్పింది నన్నే రాయమంది. పందొమ్మిదేళ్లలో ఒక పరీక్ష కాగితం మీద నేను రాయడం అదే మొదటిసారి. గురువారం నుంచీ ఏం చేశానో అవకాడోలతో సహా రాశాను. నాలుగు వాక్యాలు. రెండు అక్షరాలు కొట్టేసి మళ్లీ రాశాను. సంతకం పెట్టాను. ఆమె చదివి, కింద తన సంతకం పెట్టి, మడిచి కవర్లో పెట్టింది. గిదూదు చివరికి లక్క కరిగించాడు. సీలు మాత్రం బాగా వేశాడు, అది ఒప్పుకోవాలి.

తరవాతి సోమవారం నా చేతికి పార ఇచ్చారు. ల్యాబు తాళాలు ఇంకొకడికి వెళ్లాయి, నేను బడి తోటలోకి వెళ్లాను. పిల్లలకి విషయం పొక్కింది. కంచె అవతల నడుస్తూ మగ్గిన బాబాయ్, మగ్గిన బాబాయ్ అని పాడేవాళ్లు. ఎరువు ముద్ద విసరాలనిపించేది. ఒకట్రెండుసార్లు విసిరాను కూడా. నబులో టీచరు మాత్రం ఏదో సాకుతో వారానికోసారి తోటకొచ్చి, ఈ ఆకుకి ఏ తెగులో చూడండి కులోబా గారూ అని నన్నే అడిగేది. తెలియక అడిగేది కాదని నాకు తెలుసు. అయినా చెప్పేవాణ్ణి.

ఫిబ్రవరిలో ఫలితాలొచ్చాయి. మధ్యాహ్నం నేను అరటి పిలకలు నాటుతుంటే ఖైన్జా గట్టు దాటుకుంటూ వచ్చింది. ఫోను నా ముఖం ముందు పెట్టింది. అద్దాలు లేవన్నాను. చదివింది. జీవశాస్త్రం మూడు. ఒకటి అన్నిటికన్నా మంచిది, తొమ్మిదంటే తప్పినట్టు. మూడొస్తే మంత్రసాని బడి గేటు తెరుచుకున్నట్టే. మా బడిలో ఆ ఏడాది దానికి మించి ఎవరికీ రాలేదు.

నేను పారకంటిన మట్టి గీకుతూ ఉండిపోయాను. బాగుంది అన్నాను కాబోలు. ఆమె కూడా ఒక పిలక తీసి గోతిలో నిలబెట్టింది, నేను మట్టి తోశాను. అప్పుడంది, నిజానికి బీకరు తన బల్ల మీద పెట్టగానే తెలిసిపోయిందట. అమ్మమ్మ రసం కాచే రోజు గొయ్యి మూత తీస్తే ఏ వాసన వస్తుందో అదే వాసనట.

"వాసనకే తెలిస్తే మరి మూడుసార్లు ఎందుకు చేశావే? నా ప్రాణాలు తోడేశావు."

"వాసనొచ్చింది అని రాస్తే మార్కులు వెయ్యరు కదా, బాబాయ్."

అని, చేతులు లంగాకి తుడుచుకుని, రెండో పిలక అందుకుంది. వేళ్ల నుంచి మట్టి రాలకుండా, ఎక్కడా ఒక్క వేరు తెగకుండా తీసింది.