పోగు కనిపించే బొమ్మ

అంగలకుదురు మలుపులో స్తంభానికి నిచ్చెన ఆనించి, కటింగ్ ప్లయర్ నోట కరుచుకుని, బ్రహ్మయ్య కేబుల్ తీగను బిగిస్తున్నాడు. యాభై దాటిన మనిషి. బక్కపలచటి ఒళ్లు, కాయలు కాచిన అరచేతులు, ఎండకు వెలిసిపోయిన ఖాకీ చొక్కా. పైనుంచి చూస్తే ప్రతి డాబా మీదా ఒక డిష్షు. సగం బిగించింది చలపతిరావే. ఒకప్పుడు ఇద్దరూ ఒకే నిచ్చెన మోశారు. ఇప్పుడు చలపతిరావు డిష్షుల డీలరు, పైగా పక్కింటివాడు. బ్రహ్మయ్య ఇంకా నిచ్చెన దిగలేదు.

అదైనా ఓర్చుకునేవాడేమో. తన భార్య కనకదుర్గ రోజూ మధ్యాహ్నం సీరియల్ చూడటానికి వాళ్లింటికే పోతోంది. అది చూస్తే ఒళ్లు మండిపోయేది. కేబులతని పెళ్లాం డిష్షతని ఇంట్లో టీవీ చూస్తోందని వీధంతా నవ్వుకుంటున్నట్టే ఉండేది. నిజానికి వీధికి అంత తీరిక లేదు.

"మన టీవీకేం రోగం?" అని నిన్న కూడా అడిగాడు.

"మనది అలికేసినట్టుంటుందండీ. వాళ్లది హెచ్‌డీ. చీర మీద పోగు పోగూ కనిపిస్తుంది."

హెచ్‌డీ పెట్టెలు తన ఆఫీసులోనూ ఉన్నాయి. ఆ పాత డబ్బా టీవీ తీసేసి కొత్తది పెడితే అదే బొమ్మ తన ఇంట్లోనూ వచ్చేది. కానీ అలా చేస్తే చలపతిరావు గెలిచినట్టు కాదూ! పోగులట, పోగులు. ఆ ఇంటి మెత్తటి సోఫా మీద మోజు అని తేల్చేసుకున్నాడు.

ఈ పూట చలపతిరావు రేపల్లె వెళ్లాడని తెలిసింది. పని ముగించుకుని, లైను చూసే మిషతో బ్రహ్మయ్య వాళ్ల డాబా ఎక్కాడు. తన కేబుల్ ఆ డాబా మీదుగానే పోతుంది కాబట్టి ఎవరూ ఏమీ అడగరు. డిష్షు నట్టు వదులు చేసి, కాస్త పక్కకు తిప్పి, మళ్లీ బిగించాడు. దిగుతుంటే కడుపుమంట చల్లారినట్టయింది. సిగ్గు కూడా వేసింది గానీ కొంచెమే.

మధ్యాహ్నం భోజనానికి వచ్చేసరికి దుర్గ ఇంట్లోనే ఉంది.

"వెళ్లలేదా?"

"వెళ్లొచ్చానండి. సిగ్నల్ రావట్లేదు. ఆయనొచ్చేదాకా అంతేనట."

గోంగూర పచ్చడి ఎప్పటికన్నా రుచిగా అనిపించింది. హుషారుగా లేచి తమ టీవీ పెట్టాడు. దుర్గ కాసేపు చూసి చూపు తిప్పేసుకుంది.

"చీరాలలో మా నాన్న పక్కన మగ్గం మీద కూర్చున్నదాన్ని. ఇక్కడికొచ్చాక చేతులు ఊరికే ఉండిపోయాయి. ఆ సీరియల్లో కథ ఎవరు చూశారండీ? ఏ చీర చేతిమగ్గానిదో, ఏది మరమగ్గానిదో, ఎక్కడ పోగు తప్పిందో చూసేదాన్ని. ఆ కాసేపూ మా నాన్న దగ్గరున్నట్టుండేది."

బ్రహ్మయ్య టీవీ కట్టేశాడు.

"అన్నయ్య ఎప్పట్నుంచో రమ్మంటున్నాడు, ఒక మగ్గం ఖాళీగా ఉందంట. ఇక్కడ ఈ కాస్త కాలక్షేపం ఉందిగా అని కాదంటూ వచ్చా. ఇందాక మళ్లీ ఫోన్ చేశాడు. సాయంత్రం బండికి వస్తానని చెప్పేశానండి."

"మళ్లీ ఎప్పుడొస్తావు?"

"ఇప్పుడే ఏం చెప్పను?"

డిష్షు తిప్పింది నేనే అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే రేపు చలపతిరావు చెవిన పడుతుంది. ఆ ఒక్క ఆలోచనకే మాట మింగేశాడు.

సాయంత్రం స్టేషన్‌లో ఆమెను ఎక్కించాడు. "పులుసు ఫ్రిజ్‌లో పెట్టానండి, వేడి చేసుకోండి" అంది కిటికీలోంచి. బండి కదిలింది.

తిన్నగా వచ్చి పక్కింటి డాబా ఎక్కి డిష్షు సరిచేశాడు. మెట్లు దిగుతుంటే చలపతిరావు భార్య సునీల ఎదురొచ్చింది.

"బొమ్మ వచ్చేసింది అన్నయ్యగారూ! మీ చెయ్యి పడాలంతే. వదిన్ని పంపించండి."

అతను గుమ్మంలోనే నిలబడి మొదటిసారి ఆ తెర వంక చూశాడు. గంధం రంగు చీర కట్టుకున్న ఆవిడెవరో ఏడుస్తోంది. అంచు పక్కన ఒక పోగు తప్పింది. అది అతనికీ కనిపించింది. చేతిమగ్గానిదేనేమో, అడుగుదామంటే దుర్గ లేదు.

సోఫా దులిపి సర్దినట్టు గోడవారగా ఉంది. తెరకు మూరెడు దూరంలో, నేల మీద, దుర్గ తమ ఇంటినుంచి తెచ్చుకున్న చిన్న చెక్కపీట ఉంది.